కుడి మలుపు

గుర్రం మళ్లీ కుడి మలుపు దగ్గరే ఆగింది.

ఆగడమంటే మామూలుగా కాదు, నాలుగు కాళ్లూ నేలలో పాతేసినట్టు ఆగింది. పైనున్న అమ్మాయి మాత్రం ఆగలేదు. దాని మెడ మీదుగా వెళ్లి ఇసుకలో పడింది.

అప్పట్లో ఆ స్వారీ బడిలో అందరూ దాన్ని మొండిఘటం అనేవారు. ఎడమకు ఎంత చక్కగా తిరిగేదో, కుడికి తిప్పబోతే అంతలా బిగుసుకుపోయేది.

"గుర్రం గుడ్డిదైనా దాణాకేం తక్కువ లేదు," అన్నారు మాస్టారు. "ఈసారి పోటీలో కూడా తిరగకపోతే అమ్మేస్తా. ఏ బండికో కట్టుకుంటారు."

ఆ గుర్రమంటే అమ్మాయికి ప్రాణం. తను తిట్టేది గానీ, ఇంకొకరు తిడితే ఊరుకునేది కాదు.

నడుం పట్టుకుని ఫిజియోథెరపీకి వెళ్లింది.

డాక్టరమ్మ ఆమెను పెద్ద గాలిబంతి మీద కూర్చోబెట్టి ఊగమంది. ఎడమకు ఊగింది. కుడికి ఎంత ప్రయత్నించినా రాలేదు.

"నీ కుడి తుంటి రాయిలా ఉంది. నువ్వు బిగుసుకు కూర్చుంటే పాపం ఆ గుర్రం ఎలా తిరుగుతుంది?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇన్నాళ్లూ దాన్ని తిట్టావన్నమాట," అని పక్కనుంచి ఎవరో నవ్వారు.

నెరిసిన గడ్డం మనిషి. రెండు ఇనుప కడ్డీల మధ్య, వాటినే పట్టుకుని అడుగులు వేస్తున్నాడు. అక్కడ అందరూ ఆయన్ని బాబాయి అనేవారు.

"ఇంతకీ ఏ గుర్రం?"

"ఎర్రది. నుదుట నెలవంక మచ్చ."

ఆయన ఆ రోజుకిక ఏమీ మాట్లాడలేదు. బతికిపోయాననుకుంది అమ్మాయి. అడగని సలహాలంటే ఆమెకు మొదటినుంచీ ఒళ్లుమంట.

మర్నాటి నుంచి మళ్లీ మొదలు. అందరూ నడుం ఎలా ఉందని అడిగితే, ఆయన గుర్రం ఎలా ఉందని అడిగేవాడు.

"దాణా తింటోందా?"

"తింటోంది."

"మలుపు దగ్గర చెవులు వెనక్కి పెడుతోందా?"

"పెడుతోంది. మీకెందుకు బాబాయ్ అదంతా?"

"ఊరికే, పొద్దుపోక."

ఇప్పుడు తనే నలుగురికి స్వారీ నేర్పుతున్నా, ఆ గది తలపుకొస్తే ఆమెకు చేతిలో పని సాగదు. ఆ నూనె వాసన, ఆ బంతి, ఆయన పొడి దగ్గు, విసుక్కుంటూ తను చెప్పిన జవాబులు. ఇంకాస్త బాగా మాట్లాడి ఉండాల్సిందని ఎన్నిసార్లు అనుకుందో.

ఓ రోజు ఆయనే అన్నాడు.

"కుడికి తిప్పేటప్పుడు కళ్లెం లాగకు తల్లీ. ఊపిరి వదిలెయ్. నువ్వు బిగిస్తే మళ్లీ పడతాననుకుంటుంది, పిచ్చిది."

"మీరెప్పుడైనా గుర్రం ఎక్కారా?"

"ఎక్కింది తక్కువ, పడింది ఎక్కువ."

గదంతా నవ్వింది. అమ్మాయి కూడా ముఖం తిప్పుకుని నవ్వింది.

"ఆయన చెప్పినట్టే చెయ్యి," అంది డాక్టరమ్మ. "ఊపిరి వదిలితే తుంటి సడలుతుంది. ఇక్కడ బంతి మీద అలవాటు చేసుకో, అక్కడ దానంతటదే వస్తుంది."

పోటీ రోజు మలుపు రానే వచ్చింది. గుర్రం చెవులు వెనక్కి పోయాయి. అమ్మాయి చేతులు కళ్లెం లాగబోయాయి. అంతలో బాబాయి మాట గుర్తొచ్చి ఊపిరి వదిలింది. తుంటి సడలింది. గుర్రం ఒక్క క్షణం తటపటాయించి, కుడికి తిరిగింది.

బహుమతి రాలేదు. రాకపోతే పోయింది. మాస్టారు గుర్రం మెడ తట్టి, "ఉండనీ దీన్ని," అన్నారు. అమ్మాయికి ఆ మాట చాలు.

బాబాయికి చెప్పాలనుకుంది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ గడిపేసింది. నొప్పి తగ్గాక డాక్టరు గుమ్మం ఎవరు తొక్కుతారు?

చివరికి వెళ్లేసరికి ఆ కడ్డీల మధ్య ఇంకెవరో నడుస్తున్నారు.

"బాబాయి రాలేదా?"

"లేరమ్మా," అంది డాక్టరమ్మ. "వారం కిందట నిద్రలోనే పోయారు."

అమ్మాయి వెళ్లి ఆ గాలిబంతి మీద కూర్చుంది.

"పోటీ సంగతి తెలిసిందా ఆయనకి?"

"ఫోన్‌లో చూపించాను. మలుపు రాగానే కళ్లు గట్టిగా మూసుకున్నారు. తిరిగిందని నేను చెప్పాకే తెరిచారు. ఆ తర్వాత ఒకటే ఏడుపు."

"ఏడుపెందుకు?"

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తెలిస్తే నువ్వు దాన్ని మళ్లీ ఎక్కవని ఆయన భయం. చెప్పనని నాచేత ఒట్టేయించుకున్నారు. ఇంక దాచి ఏం లాభం?"

ఆ రోజు తెలిసింది అమ్మాయికి: మొండిఘటం తమ బడికి రాకముందు ఒకసారి కుడి మలుపులో జారి పడిందనీ, అప్పుడు దాని కింద పడి నడుం విరిగిన రౌతు బాబాయేననీ.