తొమ్మిదో మంచం

ప్రాక్టికల్ పరీక్ష చీటీ విప్పగానే వణుకులమ్మ గుండె జారిపోయింది. తొమ్మిదో నంబరు మంచం.

"అయిపోయావే! ఆవిడకి నరం దొరకబుచ్చుకోవడం దేవుడి తరం కూడా కాదు," అంది తోటి విద్యార్థిని.

వణుకులమ్మ అన్నది క్లాసువాళ్లు పెట్టిన పేరు. నాలుగేళ్లు సహాయక నర్సుగా చేసి, పట్టుబట్టి పెద్ద కోర్సులో చేరింది. సూది పట్టుకుంటే చాలు, చేతులు గజగజలాడతాయి. ఈ ప్రాక్టికల్ ఇప్పటికి రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే సీటు పోతుంది.

తొమ్మిదో మంచం మీద ఒక ముసలావిడ. ఆపరేషన్‌కి ముందు రక్తం తియ్యాలి.

వణుకులమ్మ ఆవిడ చెయ్యి చాపించి చూసింది. మోచేతి మడతలో నరమన్నది లేదు, అన్నీ గట్టిపడ్డ మచ్చలే. రెండో చెయ్యీ అంతే.

"ఇన్ని సూదిపోట్లేంటి పెద్దమ్మా?"

"పాతవిలే తల్లీ. నీ పని చూడు, టైమైపోతోంది."

గుచ్చింది. చుక్క రాలేదు. దూరంగా పరీక్ష పెట్టే మేడం తల తిప్పి చూసింది. వణుకులమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కళ్లతో వెతక్కు, వేలితో వెతుకు," అంది ముసలావిడ మెల్లగా. "మణికట్టు పైన, బొటనవేలి వైపు. ఆ, అక్కడే. నాకేం కాదు, భయపడకు."

వేలి కింద మెత్తగా ఏదో తగిలింది. గుచ్చింది. గొట్టంలోకి రక్తం వచ్చింది.

ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు తెలివీ లేచొచ్చింది. కేసు షీటులో 'అలవాట్లు' అన్న గడి ఖాళీగా ఉంది. చేతుల నిండా మచ్చలు. అడిగితే మాట దాటేసింది. ఇంకేముంది! 'మత్తు ఇంజెక్షన్ల అలవాటు. రోగి దాస్తున్నారు' అని గుండ్రంగా రాసింది. మేడం మెచ్చుకోక ఛస్తుందా అనుకుంది.

ముసలావిడ తల తిప్పి అది చదివింది. ఆయాలు వచ్చి ఆవిడని ఆపరేషన్ గదికి తీసుకెళ్లిపోయారు.

మేడం షీటు చూసింది. ముఖం పాలిపోయింది.

"ఇది ఆవిడ చదివారా?"

"చదివారు మేడం."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు."

మేడం ఖాళీ మంచం మీద కూలబడింది.

"నేను తప్పానా మేడం?"

"లేదు, పాసయ్యావు. మా రోజుల్లో నేర్చుకోడానికి బొమ్మ చేతులు లేవమ్మా. మీ మొదటి సూది రోగికొద్దు, నాకు గుచ్చండని ముప్పై ఏళ్లు ప్రతి బ్యాచ్‌కీ తన చెయ్యి చాపిన టీచరమ్మ ఆవిడ. ఆ మచ్చల్లో ఒకటి నాది."