పాట మీద ఫిర్యాదు

"దయచేసి కూర్చోండి," అన్నాడు సోక్ పాస్టరు, ఖాళీ బెంచీల వైపు చూస్తూ. అలవాటు.

తేబెక్ కొండల్లో బొగ్గు గనులు మూతపడ్డాక ఊరు ఊరంతా బస్సెక్కింది. మొదట కుర్రకారు, తర్వాత సంసారులు, ఆఖరికి ఆర్గన్ వాయించే ఆవిడ కూడా. పాస్టరు భార్య ఉన్ సిమ్ చీకటితోనే లేచి కొండ కింద సత్రంలో గదులు శుభ్రం చేయడానికి పోతుంది. ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. అందుకని వేకువ ప్రార్థనకు పాస్టరొక్కడే మిగిలాడు. తనే పాడతాడు, తనే వాక్యం చెబుతాడు, తనే ఆమేన్ అంటాడు.

ఆ వేళ వాక్యం 'శ్రమల్లో ఆనందం'. సగం చెప్పి ఆగిపోయాడు. కిటికీ అద్దంలో తన మొహం కనబడింది. ఈ మొహం పెట్టుకుని ఆనందం గురించి చెబితే బెంచీలు కూడా నమ్మవనిపించింది.

"ఈస్టరు కాగానే గుడికి తాళం వేసేద్దాం," అన్నాడు సాయంత్రం.

"తాళంచెవి ఎవరి చేతికిస్తారు? తీసుకునేవాళ్లు కూడా లేరుగా," అంది ఉన్ సిమ్, ఉడికిన బంగాళాదుంప తొక్క తీస్తూ.

మర్నాడు వేకువన పాట ఎత్తుకున్నాడో లేదో, తలుపు దబ్బున తెరుచుకుంది. మంచు తుంపరతో పాటు ఓ ముసలాయన లోపలికొచ్చాడు. మనిషి పొట్టి, కోటు పొడుగు. పక్కనున్న ఖాళీ ఇంట్లోకి ఈమధ్యే ఎక్కణ్ణించో వచ్చి దిగిన బోంగ్. ఒకప్పుడు గనిలో పనిచేశాడట. మాట్లాడితే సొరంగం అవతలున్న వాణ్ణి పిలుస్తున్నట్టుంటుంది.

"ఏమయ్యా పాస్టరూ, ఏంటీ గోల? మనుషులు పడుకోవద్దా?"

పాస్టరు మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్లకో ఆ తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చాడు.

"క్షమించండి పెద్దాయనా. మెల్లగా పాడతాను."

"ఊరికే నిలబడ్డావేం? పొయ్యి మీద ఏముంది?"

గుడిలో చలి కాచుకునే పొయ్యి మీద బార్లీ టీ ఉంది. ముసలాయన గ్లాసు పుచ్చుకుని పొయ్యి దగ్గరి బెంచీలో, సరిగ్గా పాస్టరుకు ఎదురుగా కూర్చున్నాడు.

"మీరు ఇంతకుముందు ఏ గుడికి వెళ్లేవారు?"

"మోకాళ్లయ్యా. చలికి పట్టేస్తాయి."

ఇష్టంలేని ప్రశ్నను భలే దాటేస్తాడే అనుకున్నాడు పాస్టరు. వాక్యం అయ్యేదాకా ముసలాయన కదలలేదు. కన్నార్పకుండా చూస్తూనే ఉన్నాడు. పోతూ పోతూ, "రేపు కూడా ఇలాగే అరిస్తే ఊరుకోను," అన్నాడు.

ఊరుకోలేదు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"ఇవాళ ఏమన్నాడు?" అని అడిగింది ఉన్ సిమ్.

"ఎద్దు నూతిలో పడ్డట్టు పాడుతున్నానట."

"తిట్టడానికొచ్చేవాణ్ణి కూడా సంఘంలో కలిపేస్తారా?"

"తిట్టాలంటే ముందు వినాలిగా."

ఆమె నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా కాలమైంది.

పాస్టరు పట్టుదలగా సాధన మొదలుపెట్టాడు. గిన్నెలు తోముతూ రాగం దిద్దుకున్నాడు. కొత్త పాటలు నేర్చుకున్నాడు. వాక్యాన్ని రాత్రే సిద్ధం చేసి, బోంగ్‌కు నచ్చేలా గని ముచ్చట్లు కలిపాడు. తను నవ్వినచోట ముసలాయన నవ్వేవాడు. తను కళ్లు మూసుకుని ప్రార్థిస్తే ముసలాయన కళ్లు మూసుకుని గురక పెట్టేవాడు. అయినా తిట్టు మాత్రం మానలేదు. జలుబు చేసి ముక్కు ఎర్రబడి, పాస్టరు గొంతు పూర్తిగా బొంగురుపోయిన రోజున, "ఈ వేళ మరీ అన్యాయం," అన్నాడు. అందులో తప్పుబట్టడానికేమీ లేదని పాస్టరు కూడా ఒప్పుకున్నాడు.

మంచు బరువుకు గుడి పైకప్పు రేకు ఊడితే, చెప్పకుండానే నిచ్చెన తెచ్చి ఎక్కాడు బోంగ్. "జారుతుంది, దిగండి పెద్దాయనా," అని పాస్టరు కింద నిలబడి ఎంత మొత్తుకున్నా ఖాతరు చేయలేదు. మేకులన్నీ కొట్టేశాకే దిగాడు.

అయినా మర్నాడు కప్పు కారింది. 'శ్రమల్లో ఆనందం' వాక్యాన్ని పాస్టరు ఆ రోజు మళ్లీ మొదలుపెట్టాడు. ఆనందమనే మాట దగ్గర చల్లటి చుక్క ఒకటి సరిగ్గా ముక్కు మీద పడింది. తుడుచుకున్నాడు. మళ్లీ పడింది. పక్కకు జరిగితే అక్కడా పడింది. పాస్టరుకు నవ్వాగలేదు. ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. వాక్యం పూర్తికాలేదు. పూర్తిచేయాల్సిన అవసరమూ కనబడలేదు. నవ్వుతూనే మోకరించి, "స్తోత్రం తండ్రీ," అన్నాడు పాస్టరు. ఆ మాట నోటి నుంచి కాక లోపలి నుంచి వచ్చి ఎన్నాళ్లయిందో.

తాళం మాట మళ్లీ ఎత్తలేదు.

ఈస్టరు నాడు ఉన్ సిమ్ సెలవు పెట్టి ముందు బెంచీలో కూర్చుంది. వోన్జు పట్నంలో ఆసుపత్రి వంటగదిలో పనిచేసే బోంగ్ కూతురు కుమ్ సుక్, ఉడకబెట్టిన గుడ్లు బుట్టనిండా తెచ్చింది. ఆరాధన అయ్యాక ముసలాయన పొయ్యి దగ్గర గుడ్డు ఒలుస్తుంటే, పాస్టరు ఆమెకు వంగి నమస్కరించాడు.

"మీ నాన్నగారి నిద్ర రోజూ పాడుచేస్తున్నాను, ఏమీ అనుకోకండి. కానీ ఆయన రాకపోతే ఈ గుడి ఈపాటికి మూతపడేది. ఒక్కరైనా వింటున్నారన్న ధైర్యంతోనే నిలబడ్డానమ్మా."

కుమ్ సుక్ తండ్రి వైపు చూసింది. పాస్టరు వైపు చూసింది.

"గనిలో పేలుడు జరిగిన నాటి నుంచి మా నాన్నకు ఉరిమినా వినబడదు కదండీ," అంది.