పత్తి వెయ్యి

రాజమణి సంచిలో రెండు చీరలు, కళ్ళద్దాల డబ్బా, నొప్పుల నూనె సీసా పెట్టింది. ఏదో మరిచానేమోనని అన్నీ బయటికి తీసి, మళ్ళీ పెట్టింది. జహీరాబాదులో చెల్లెలు కొత్తింట్లో పాలు పొంగిస్తోంది. తల్లిని తీసుకుపోవడానికి కూతురు స్రవంతి పొద్దున్నే పురానాపూల్‌లోని ఇంటికి వచ్చి కూర్చుంది.

"పాత క్యాలెండర్ కాయితాలు గూడ పెట్టు బిడ్డా. వెనకదిక్కు తెల్లగున్నయి."

"ఊరికి పోయి ఎవరికి రాస్తవమ్మా?"

"ఉండనీ. పనికొస్తయి."

ప్రయాణమంటేనే రాజమణికి గుండె దడ. ఈ ఇంట్లోంచి ఆస్పత్రికి పోయిన అత్త తిరిగి రాలేదు. పనికని బొంబాయి పోయిన తమ్ముడూ రాలేదు. ఇద్దరూ "పోతున్న" అనే పోయారు. అప్పట్నుంచి "పోయొస్త" అననిదే ఆమె ఎవర్నీ గల్లీలో అడుగు పెట్టనివ్వదు.

కానీ ఇవాళ అడ్డుపడ్డది ఆ భయం కాదు, చాయ్. బర్రెలు అమ్ముకుని విశ్రాంతిగా కూర్చున్న మొగుడు బీరయ్య జన్మలో పొయ్యి ముట్టించి ఎరగడు. కళ్ళు తెరవగానే మంచం మీదికి చాయ్ రావాలి. అది పెట్టిచ్చి బయల్దేరేసరికి ఒకసారి రాజమణికి తల్లి కడసారి చూపు కూడా దక్కలేదు.

"ఎట్ల పెట్టాల్నో రాసిస్త, చూసి పెట్టుకో" అంది నిన్న. మనవరాలు వర్షిత పారేసిన వాచకాలు ముందేసుకుని, తనంతట తానే చదువు నేర్చుకున్న మనిషి.

బీరయ్య నవ్వాడు. "నీ రాత చూసి చాయ్ అయితే పో. కాకుంటే సంచి ఇప్పు. మధ్యల నువ్వు నోరు తెర్వొద్దు."

ఇప్పుడు ఆ పందెమే నడుస్తోంది.

బీరయ్య కాయితం దూరంగా పట్టుకుని చదివాడు. "గిన్నెల నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టు. మరిగేదాక ఆగు." పెట్టాడు. చేతులు కట్టుకుని ఆగాడు. ఎంతసేపటికీ ఆగుతూనే ఉన్నాడు.

"స్టవ్ ముట్టియ్యవా బాపూ?" అంది స్రవంతి.

"గది మీ అమ్మ రాయలే."

రాజమణి పెన్సిలు తీసుకుని ఆ మాట మధ్యలో ఇరికించింది. నీళ్ళు మరిగాయి.

"పత్తి వెయ్యి" అని చదివి బీరయ్య దేవుడి గూటి దగ్గరికి పోయాడు. వత్తులకని ఉంచిన పత్తి ముద్ద తెచ్చి మరిగే నీళ్ళలో వేశాడు. అది తడిసిన పిల్లికూనలా తేలింది.

"ఏందయ్యా ఇది?"

"పత్తి. నువ్వే రాసినవ్ గద."

"చాయ్‌పత్తి అని తెల్వదా? రోజూ పత్తి తక్కువైంది, పత్తి ఎక్కువైంది అని లొల్లి జేసేది నువ్వే గాదా?"

"నోరు తెర్వొద్దన్న. రాసింది రాసినట్టే జేసిన. ఇంక ముంగట చక్కెర వెయ్యి అని ఉంది. వెయ్యి చెంచాలా? డబ్బ సరిపోదే."

స్రవంతి పడిపడి నవ్వింది. రాజమణి నవ్వలేదు. బయట ఆటో హారన్ మోగింది.

ఆమె కాయితం లాక్కుని చింపేసింది. నేల మీద చతికిలబడి మొదట్నుంచీ రాయడం మొదలుపెట్టింది. ఒక్కో మాట రాసి, మొగుడి మొహంలోకి చూసింది, ఇక్కడ ఏం వంక పెడతాడా అని. నీలి మూత డబ్బాలది చాయ్‌పత్తి. దాంట్ల నుంచి ఒక చెంచా కలుపు. చక్కెర రెండు చెంచాలు కలుపు. పాలు పోసినంక గిన్నె ఇడిచి గల్లీలకు పోకు. పొంగితే మంట తగ్గియ్యి. బట్టతోని పట్టి దించు, చెయ్యి కాల్తది.

బీరయ్య చదివాడు. సందు కోసం వెతికాడు. దొరకలేదు. గొణుక్కుంటూ గిన్నె కడిగి, స్టవ్ ముట్టించి, వరసగా అన్నీ చేశాడు. వడకట్టి ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు.

"ఎట్లుంది బాపూ?"

బీరయ్య మీసం తుడుచుకున్నాడు. "ఏముంది, మీ అమ్మ చాయే."

"నీ చేతిదే" అంది రాజమణి. ఆమె మొహం వెలిగిపోయింది. కాయితాన్ని పొయ్యి పక్కన మేకుకు గుచ్చింది. "గిది చూడు. ఇంక నీకేం ఫికర్ లేదు."

మసిబారిన గోడనూ, పొయ్యినీ, గిన్నెల్నీ ఒకసారి కలయజూసింది.

"పోతున్న" అంది.

బీరయ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది. "గట్ల అనొద్దని నువ్వే జెప్తవ్ గద. పోయొస్త అను."

రాజమణి వంటింటి గడప దాటింది. వీధి గుమ్మం దగ్గరికొచ్చాక వెనక్కి తిరిగి, "పోయొస్తనయ్యా" అంది. స్రవంతి అందుకోబోయినా ఇవ్వకుండా సంచి తానే మోసుకుని ఆటో ఎక్కింది. ఆటో వంతెన ఎక్కకముందే క్యాలెండర్ కాయితాలు ఒళ్ళో పెట్టుకుని పెన్సిలు చెక్కసాగింది. బీరయ్య చాయ్ గ్లాసుతోనే గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

అన్నం, కూర ఎలా వండాలో రాసిన కాయితాలతో ఆదివారం ఇల్లు చేరిన రాజమణి, "పోతున్న" అన్న ఆ గురువారం తర్వాత వంటింట్లోకి మాత్రం మళ్ళీ రాలేదు.