బూడిదరంగు స్క్రీన్

మొదటి దెబ్బ చెవి మీద పడింది.

కుర్చీలో కూర్చున్న మనిషి పక్కకి ఒరిగి టేబుల్ అంచు పట్టుకున్నాడు. రెండో దెబ్బకి కళ్లజోడు ఎగిరి గోడకి తగిలి పగిలింది.

కొట్టింది బొమ్మల మాస్టారు. యుద్ధాల కథలకు బొమ్మలు వేస్తాడు. పదిహేనేళ్లుగా మనుషుల్ని బొమ్మల్లో నరికి నరికి, ఎక్కడ కొడితే ఎవడు ఎలా పడతాడో ఆయనకు బాగా తెలుసు. కోపం ముక్కు మీదే ఉంటుంది. నోటికంటే చెయ్యి ముందు లేస్తుంది.

ఈసారి కోపానికి కారణం లేకపోలేదు.

అరవై నాలుగు పేజీల పుస్తకం సోమవారం పొద్దున్నకల్లా ప్రెస్సులో ఉండాలి. ఇంకా తొమ్మిది పేజీలు మిగిలాయి. ఇప్పటికే రెండుసార్లు గడువు తప్పాడు. మళ్లీ తప్పితే ఈ పుస్తకమే కాదు, తర్వాత రావాల్సినవి కూడా ఇంకొకరి చేతికి పోతాయి.

కంప్యూటర్ చూస్తే ముసలిది. కొత్తవేవీ దాని మీద నడవక, విండోస్ బదులు ఊరికే దొరికే లైనక్స్‌లో తేలికపాటి రకం ఒకటి ఎక్కించి ఏళ్లుగా నెట్టుకొస్తున్నారు. అదీ ఈ మధ్య మొరాయిస్తోంది. కంప్యూటర్‌కి తగిలించిన పలక మీద పెన్నుతో గీత గీస్తే, అది స్క్రీన్ మీదకి వచ్చేలోపు ఓ గుక్క టీ తాగొచ్చు.

వేసిన పేజీలన్నిటినీ మాస్టారు స్క్రీన్ మీదే పరిచేసేవాడు. ఫోల్డర్లో పెట్టుకోండని భార్య ఎన్నిసార్లు చెప్పినా, కంటికి కనపడనిది ఉన్నట్టు నమ్మకమేమిటనేవాడు. అలా యాభై అయిదు పేజీలు, వాటి వెనక ఎర్రటి సూర్యాస్తమయం.

శనివారం మధ్యాహ్నం ఇంటికెళ్లి భోంచేసి, ఓ కునుకు తీసి మేడ మీది పనిగదికి వచ్చేసరికి, ఎవడో తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, నలిగిన చొక్కా.

స్క్రీన్ మీద సూర్యుడు లేడు. పేజీలు లేవు. కింద ఉండే పట్టీ కూడా లేదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉత్త బూడిదరంగు.

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎవడ్రా నువ్వు? నా పేజీలేవి?"

రెండు దెబ్బలూ వేశాక గానీ ఆ మాట అడగలేదు.

పేజీలు ఎక్కడికీ పోలేదని, చూపిస్తానని అంటూ ఆ మనిషి పెన్ను కోసం చెయ్యి చాచాడు.

మిగిలింది కూడా తుడిచేస్తాడనుకున్నాడు మాస్టారు. అట్టలు కోసేటప్పుడు వాడే బరువైన స్టీలు స్కేలు చేతికి అందింది. దాని అంచుతో ఆ వేళ్ల మీద కొట్టాడు.

ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అయినా ఆగలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ. కీబోర్డు మీద రక్తం చిందింది.

ఆ మనిషి తిరగబడలేదు, తిట్టలేదు. "పెన్ను మీది బటన్ ఒక్కసారి నొక్కండి సార్" అన్నాడు.

అందుకు డొక్కలో ఓ తన్ను తిన్నాడు. తర్వాత మాస్టారు కాలరు పట్టి ఈడ్చుకెళ్లి మెట్ల మీది నుంచి తోసేశాడు.

ప్రెస్సుకి వెళ్లిన భార్య అరగంట తర్వాత వచ్చింది. కింద కొట్టులో దర్జీ ఆమెను ఆపి, చూసిందంతా చెప్పాడు. ఆమె ఒక్క పరుగున పైకి వచ్చి, రక్తం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అంతా తుడిచేశాడే. మూడు నెలల పని" అన్నాడు మాస్టారు. నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు.

ఆ మనిషిని పిలిపించి, గది తెరిచి కూర్చోబెట్టి వెళ్లింది తనేనని ఆమె చెప్పింది. ఈ లైనక్స్ వాడేవాళ్ల గ్రూపులో తమ తిప్పలన్నీ రాస్తే, ఎవరో ఒకాయన తనే వచ్చి చూస్తానన్నాడు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు. పైసా వద్దన్నాడు. ముందే చెబితే పరాయివాణ్ని కంప్యూటర్ ముట్టుకోనివ్వరని ఆమె భర్తకు చెప్పలేదు.

"వెళ్తూ దర్జీకి ఓ మాట చెప్పి వెళ్లాడట. పెన్ను మీది బటన్ నొక్కమనండి, ఆయన కంగారు పడుతున్నారు అన్నాడట."

ఆమే నొక్కింది.

యాభై అయిదు పేజీలూ నంబర్ల వరసలో తెరుచుకున్నాయి. మళ్లీ నొక్కితే బ్రష్షులూ రంగులూ పెన్ను ముల్లు చుట్టూ వచ్చి నిలిచాయి. మాస్టారు ఓ గీత గీశాడు. ముల్లుతోపాటే గీత కూడా వచ్చింది. ఆ బూడిదరంగు మీద ఎరుపు ఎరుపులాగే కనిపించింది. ఇన్నాళ్లూ వెనకున్న సూర్యాస్తమయం కళ్లను మోసం చేస్తుంటే, ప్రెస్సులో రంగులు తేడా వస్తున్నాయని ప్రెస్సువాళ్లని తిట్టాడు.



ఆ సాయంత్రం బస్టాండంతా తిరిగాడు. ఆస్పత్రులు తిరిగాడు. ఎక్కడా కనపడలేదు.

"దొరికితే కాళ్ల మీద పడతాను" అన్నాడు ఇంటికొచ్చి.

"కాళ్ల దాకా ఎందుకు, చేతుల మీద పడ్డారుగా" అంది భార్య.

తొమ్మిది పేజీలూ ఆదివారం సాయంత్రానికే అయిపోయాయి. అంత వేగంగా ఆయన జన్మలో ఎప్పుడూ వెయ్యలేదు. పుస్తకం చెప్పిన వేళకి ప్రెస్సుకి చేరింది.

గ్రూపులో రాస్తే జవాబు రాలేదు. బుధవారం నాడు, ఆ మనిషి అడ్రసు తెలుస్తుందేమోనని ఆమె ఆ లైనక్స్ తయారుచేసేవాళ్ల వెబ్‌సైట్ తెరిచింది. దాని వెనక ఏ పెద్ద కంపెనీయో, వందమంది ఇంజనీర్లో ఉంటారని ఇద్దరూ అనుకునేవాళ్లు.

అక్కడ కొత్తగా పెట్టిన నోటీసు ఒకటుంది.

"పన్నెండేళ్లుగా దీన్ని నేనొక్కణ్నే తయారుచేస్తూ వచ్చాను, శనివారం మెట్ల మీద జారిపడి కుడిచేతి వేళ్లు విరిగాయి, అవి ఇక వంగవని డాక్టరు చెప్పారు, అందుకని ఇంతటితో ఆపేస్తున్నాను, మన్నించండి."