సుద్ద గుర్తు

ఆ పిస్టన్‌కు కాలేసాబ్ నాలుగో లైనర్ పెట్టి చూస్తున్నాడు.

యజమాని వెంకటరాముడు లేత్ ఆపి అటు చూశాడు.

హిందూపురంలో ఆయన షెడ్డుకు ఒక పేరుంది. బావుల మీది ఆయిల్ ఇంజన్లకు పిస్టన్లు, అవి ఆడే లైనర్ గొట్టాలు ఆయనే స్వయంగా లేత్ మీద తిప్పి చేస్తాడు. పదేళ్లలో ఒక్క ఇంజనూ వెనక్కి రాలేదు. భార్య పోయి ఆరేళ్లు. తిన్నావా అని అడిగే మనిషి లేడు. మిగిలింది ఆ పేరొక్కటే.

కాలేసాబ్ పెనుకొండ నుంచి వచ్చిపోయే మనిషి. అంతకు మించి వెంకటరాముడు ఎప్పుడూ అడగలేదు. సరుకు తుడిచి, ఒక పిస్టన్‌నూ ఒక లైనర్‌నూ కలిపి కట్టడం అతని పని. పిస్టన్‌కు నూనె రాసి లైనర్‌లో వదులుతాడు. తన బరువుకు తానే మెల్లగా దిగితే రెండింటి మీదా ఒకే సుద్ద గుర్తు. లేకపోతే ఇంకో లైనర్.

ఈ ఆలస్యం చూడలేకే వెంకటరాముడు బెంగళూరు నుంచి కొలత చూసే గేజీలు తెప్పించాడు. ఏ పని తర్వాత ఏ పని, ఎంత తేడా చెల్లుతుంది, అంతా కాగితం మీద రాయించి గోడకు అంటించాడు.

"గేజీ ఒప్పుకున్నాక ఇంకా ఏంది సాయిబూ ఈ తడుములాట? చేతికొచ్చింది కట్టెయ్."

"ఒక్కొక్కటీ సరిగానే ఉండాదప్పా. లావు పిస్టన్‌కు సన్న లైనర్ పడితే మాత్రం రెండూ కలిసి బతకవు."

కలిసి బతకడం గురించి తనకు చెప్తాడా! వెంకటరాముడి చెయ్యి కోపంతో వణికింది.

"రేపట్నుంచి రావద్దు."

కాలేసాబ్ సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఎండాకాలంలో అమరాపురం ఓబులేసు ఇంజన్‌ను బండి మీద వేసుకొచ్చాడు. పిస్టన్ లైనర్‌లో పట్టేసింది. నీళ్లు లేక మడి ఎండిపోయింది.

"నీ పేరు చూసే కొన్న్యాం గదప్పా" అన్నాడు.

తర్వాత ముదిగుబ్బ నుంచి ఒకటి, తనకల్లు నుంచి రెండు. మళ్లీ ఎవరూ కొనడానికి రాలేదు.

షెడ్డులో మిగిలిన సరుకంతా వెంకటరాముడు గేజీ పెట్టి చూశాడు. ఒక్కటీ తప్పు లేదు. జత కలిపి చూశాడు. కొన్ని బిగుసుకున్నాయి, కొన్ని జారిపోయాయి.

మరునాడు పెనుకొండ వెళ్లి, అడిగి అడిగి ఇల్లు కనుక్కున్నాడు.

గడప దగ్గర కాలేసాబ్ భార్య షంషాద్‌బీ ఉంది. ఆయన పోయి నలభై రోజులు దాటిందని చెప్పింది.

వెంకటరాముడు చెప్పులు విప్పి గడప ముందు కూర్చున్నాడు.

"నన్నేమన్నా తిట్టుకున్నాడా?"

"లేదన్నా. మీ ఇంటామె పోయినప్పట్నుంచి మీ చెయ్యి వణుకుతాందంట గదా. ఒకటి లావు, ఒకటి సన్నం వస్తాండాయంట. ఆ మాట చెప్తే మీరు మళ్లీ లేత్ ముట్టరని, ఆరేండ్లూ జతలు కుదిర్చి పంపుతాండె."