దాటని గీత

సీనియర్ల సాఫ్ట్‌బాల్ ఫైనల్ చివరి ఘట్టంలో డెబ్బై నాలుగేళ్ల డెల్మర్ మూడో బేస్ నుంచి, పరుగు పూర్తయ్యే హోమ్ బేస్ వైపు పరుగు తీశాడు. ఎదురుగా బంతి రావడం చూసి, దారి మధ్యలో గీసిన సున్నపు గీతకు ఇవతలే ఆగి వెనక్కి తిరిగాడు.

"గీత దాటావు. దాటాక వెనక్కి వెళ్లకూడదు. అవుట్!" అన్నాడు అంపైర్ హాలిస్. దాంతో డెల్మర్ జట్టు ఓడిపోయింది.

"కళ్లు పోయాయట్రా? ముప్పై ఏళ్ల స్నేహితుణ్ణి, నన్నే ముంచుతావా?"

హాలిస్ అతణ్ణి పక్కకు తీసుకెళ్లాడు. "నువ్వు దాటలేదు, నాకు తెలుసు. పరిగెత్తితే ప్రాణానికే ముప్పని డాక్టర్ చెప్పాడటగా? నిన్ను మళ్లీ పరిగెత్తనివ్వడం నావల్ల కాలేదురా."

డెల్మర్ నిర్ఘాంతపోయాడు. ఆ మాట అతను ఒట్టు వేయించుకుని మరీ భార్య ఒక్కదానికే చెప్పాడు.

కంచె అవతల ఆమె, అతనివైపు చూడకుండా, మడతకుర్చీ ముడుస్తోంది.