సరస్సుకు పెట్టే పేరు

"మీరొక్క మాట అడగండి బాబాయిగారూ. మీరడిగితే కృపావతి కాదనదు," అన్నాడు సర్పంచి దుర్గాప్రసాద్, స్కూటీకి స్టాండు వేస్తూ.

సుబ్రహ్మణ్యేశ్వరరావు దిగీ దిగనట్టు దిగాడు. "ఇరవైముగ్గురు భూమి ఇస్తామని సంతకాలు పెట్టేరు కదా. ఈ ముప్ఫై సెంట్లూ వదిలేసి సరస్సు తవ్వుకోకూడదా?"

"భలేవారే! పడవ పందేలకి రెండు కిలోమీటర్లు సూటిగా ఉండాలంటండి. మధ్యలో కొబ్బరితోట ఉంటే పడవలు ప్రదక్షిణం చేసి వెళతాయా?"

ఊరి పల్లంలో రోయింగ్ సరస్సు వస్తుందని ఆరు నెలలుగా ఒకటే సందడి. పిల్లలకు తెడ్డు వేయడం నేర్పుతారట, పై ఊళ్ళ జట్లు వస్తాయట, ఏటిగట్టు పొడుగునా హోటళ్ళు లేస్తాయట. మురుగుకాలువను ఎటు మళ్ళిస్తారు, బావుల్లో నీళ్ళు ఉప్పెక్కవు కదా అని అడిగినవాళ్ళకు మాత్రం ఇంకా జవాబు రాలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గడ్డపార పడకముందే పేరు ఖాయమైపోయింది. ఎనభయ్యారు వరదలో కృపావతి రెండేళ్ళ కూతురిని కాపాడిన సుబ్రహ్మణ్యేశ్వరరావు పేరే పెట్టాలని నిన్నటి గ్రామసభ చప్పట్లు కొట్టి మరీ తీర్మానించింది.

ఆ సభలో ఆయన లేచి, "నా పేరు వద్దు," అన్నాడు. నిండుకుండ తొణకదని జనం ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొట్టారు. నలభై ఏళ్ళుగా ఇదే వరస. వరద మాట వస్తే ఆయన తల దించుకునేవాడు. దించుకున్నకొద్దీ గౌరవం పెరుగుతూ వచ్చింది.

కృపావతి అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతోంది. వాళ్ళను చూడగానే లేచి, ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడిచి వేసింది.

"ఎండనపడి మీరెందుకొచ్చేరు బాబుగారండీ? కబురంపితే నేనే వద్దును కదండీ."

"పరవాలేదులే. నువ్వూ కూర్చో."

ఆమె కూర్చోలేదు. తనకంటే అయిదేళ్ళు చిన్నదేమో, అరవై దాటిన మనిషి అలా నిలబడి ఉంటే, కూర్చున్నందుకు ఆయనకు ఒళ్ళు చచ్చిపోయింది. దుర్గాప్రసాద్ కాగితం తీసి మోకాలి మీద పరిచాడు.

"మొన్న పంచాయతీవాళ్ళొస్తే ఇవ్వనన్నానండి," అంది కృపావతి. "నన్నూ పిల్లనీ ఈ చెట్లే సాకేయండి. ఇవి పోతే ఈ వయసులో నేను ఎవరింటికెళ్ళి నిలబడనండి?"

"అయితే ఇవ్వకు," అన్నాడు సుబ్రహ్మణ్యేశ్వరరావు, అదే అదనుగా. "నిన్ను బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు. నేను చెబుతున్నాను, ఇవ్వకు."

దుర్గాప్రసాద్ నోరు తెరిచాడు. "బాబాయిగారూ!"

"అదేంటండీ అలాగంటారు?" అంది కృపావతి. "అప్పుడు మీ పేరు పెడతన్నారని తెలీదండి. ఇందాక కువైట్ నుంచి మా అమ్మాయి శారోన్ ఫోన్ చేసింది. 'ఆయన లేకపోతే నేనే లేను, ఇంకేం ఆలోచించకుండా ఇచ్చెయ్యమ్మా' అందండి."

"కృపావతీ, ఆ వేళ..."

"తెలుసండి, మీకు పొగిడితే గిట్టదు. కానీ నన్ను చెప్పనివ్వండి. మా అమ్మకి బాగోలేదని నేను అల్లవరంలో ఉండిపోయేనండి. ఇంటికాడ మా ఆయనా, పిల్లా. నీళ్ళు రాగానే పిల్లని వదిలేసి, పడవేసుకుని తన దారిన తను పోయేడు. యానాంలో చూశామన్నారు కొందరు. ఉన్నాడో పోయేడో తెలీక చర్చిలో ఆయన పేరున ఒక ప్రార్థన కూడా పెట్టించలేదండి. కన్నతండ్రి వదిలేసిన పిల్లని మీరు గుండెకి హత్తుకుని గట్టు మీద నిలబడితే ఊరంతా చూసింది. సీమోను పెళ్ళాన్నని చెప్పుకోడానికి నాకిప్పటికీ సిగ్గేనండి."

ఆయనకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది.

"సీమోను అలాంటివాడు..." అని మొదలుపెట్టాడు.

"ఆ పేరు ఎత్తకండి బాబుగారండీ. మీ నోటికి తగదు."

ఆమె కళ్ళద్దాలు తెచ్చుకుని, కాగితాన్ని గోడకు ఆనించి, ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ సంతకం చేసింది. దుర్గాప్రసాద్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నంతసేపూ సుబ్రహ్మణ్యేశ్వరరావు తన పాదాల వంకే చూస్తూ కూర్చున్నాడు. కృపావతి బొండం కొట్టి ఇచ్చింది. వద్దనలేకపోయాడు, తాగనూ లేకపోయాడు.

"రాతి మీద మీ పేరు చూడ్డానికి శారోన్ సెలవు పెట్టుకుని వస్తదంటండి," అంది ఆమె సంబరంగా.

"ఆయ్, తప్పకుండా రమ్మనండి! రిబ్బను ఆవిడ చేతే కత్తిరిద్దాం," అన్నాడు దుర్గాప్రసాద్.

స్కూటీ మలుపు తిరగబోతుంటే సుబ్రహ్మణ్యేశ్వరరావు భుజం తట్టి ఆపించాడు. దిగి నాలుగడుగులు వెనక్కి నడిచాడు. ఇవాళ చెప్పకపోతే ఇక ఈ జన్మకు చెప్పలేనని ఆయనకు తెలుసు. తడిక దగ్గర కృపావతి ఇంకా నిలబడే ఉంది. ఆయన్ని చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఆయన చేతులు వాటంతటవే లేచి తిరిగి దణ్ణం పెట్టాయి. వచ్చి స్కూటీ ఎక్కాడు.

"ఏంటండీ, ముఖం అలా పెట్టేరు?" అన్నాడు దుర్గాప్రసాద్ నవ్వుతూ. "పుణ్యం చేసినవాళ్ళు కూడా ఇంత సిగ్గుపడితే, మాలాంటోళ్ళం ఏమైపోవాలండి?"

"పోనియ్యి," అన్నాడు సుబ్రహ్మణ్యేశ్వరరావు.

ఆ రోజు పిల్లను గట్టుకు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టి, మిగతావాళ్ళ కోసం తిరిగి వరదలోకి వెళ్ళింది సీమోను.